అడవి అంచు నుంచే ఎండుతుంది

వేసవిలో ఊరి చెరువు ఎండడం చూసినవాళ్లకు తెలుసు, నీళ్లు ముందు అంచుల్లోనే తగ్గుతాయి. మొదట రేవు దగ్గర బురద తేలుతుంది. నాలుగు రోజులకు ఆ బురద నెర్రెలిస్తుంది. నెర్రెల్లో గడ్డి మొలుస్తుంది, గడ్డి కోసం గొర్రెలు దిగుతాయి. నడుమ ఇంకా నీళ్లు మెరుస్తుంటాయి కాబట్టి "చెరువుకేం, ఉందిగా" అనుకుంటాం. ఒకనాటికి ఆ మెరుపూ పోతుంది. చెరువు పోవడం నెలల కిందటే గట్టు వారన మొదలైందని అప్పుడు అర్థమవుతుంది.

ఊరు చుట్టుముట్టిన చిన్న అడవి కూడా ఇలాగే పోతుంది. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ కలిసే చోట ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం ఇందుకు మన కళ్లెదుటి ఉదాహరణ. అందరూ కేబీఆర్ పార్కు అని పిలిచే ఈ అడవి విస్తీర్ణం దాదాపు 390 ఎకరాలు. దాన్ని చదును చేసి ప్లాట్లు వేసే వీలు ఎవరికీ లేదు. చట్టం దానికి గట్టి కాపలానే పెట్టింది. అయినా ఆ అడవి మీద ఏటేటా ఒత్తిడి పెరుగుతోంది. అది ఎటునుంచి వస్తోంది, లోపలికి ఎలా పాకుతుంది, ఎక్కడ ఆపగలం అన్నది నిదానంగా చూద్దాం.

ప్యాలెస్ చాటున మిగిలిన అడవి

కేబీఆర్ పార్కును ఎవరో మొక్కలు నాటి పెంచారని చాలామంది అనుకుంటారు. లోపల కొన్నిచోట్ల నాటిన చెట్లు ఉన్న మాట నిజమే. కానీ అసలు అడవి ఎవరూ నాటింది కాదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అని ఇప్పుడు మనం పిలిచే గుట్టలన్నీ ఒకప్పుడు ఇలాంటి రాతి నేల చిట్టడవులే. 1940 ప్రాంతంలో ఇక్కడ చిరాన్ ప్యాలెస్ కట్టారు. తర్వాత అది ఏడో నిజాం మనవడు ముకర్రం జా సొంతమైంది. నగరం గుట్టలెక్కి బంగళాలు కట్టుకుంటున్న కాలంలో ప్యాలెస్ చుట్టూ ఉన్న ఈ నాలుగు వందల ఎకరాలు మాత్రం ప్రహరీ లోపల ఉండిపోయాయి. గొడ్డళ్లు రాలేదు, రోడ్లు పడలేదు. రాజుల ఏకాంతం కోసం కట్టిన గోడ అడవికి అండ అయింది.

1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. 1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టింది. దేశంలోని అతి చిన్న జాతీయ ఉద్యానాల్లో ఇదొకటి. హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్న మరో రెండిటితో పోల్చినా చిన్నదే. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి దీనికి తొమ్మిది పది రెట్లు ఉంటుంది. చిలుకూరు దగ్గరి మృగవని రెండు రెట్లకు పైన ఉంటుంది.

చిన్నదైతే ఏమిటి, పేరు మాత్రం పెద్దదే కదా అనిపించవచ్చు. కానీ ఈ చిన్నతనమే మనం చెప్పుకోబోయే కథకు మూలం. అంతకంటే ముందు, కాపాడుకోవాల్సినంతగా లోపల ఏముందో చూద్దాం.

బండ, ఆకు, అలుగు

ఒక మంచి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే పార్కులో నడిచేవాళ్లు దారి పక్కన కాసేపు ఆగి చూడండి. ముందు కనిపించేది బండ. దక్కన్ నేలకు పునాది అయిన గ్రానైటు అది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు, వాటి కింద ఏటవాలుగా పరుచుకున్న పరుపుబండ. వాన నీళ్లు బండ మీద నిలవవు, జారిపోతాయి. జారిన నీళ్లు ఎటు వెళ్తున్నాయో కళ్లతో వెంబడించండి. బండ అంచు దాటగానే ఆకుల పరుపు మొదలవుతుంది. అక్కడికి రాగానే నీటి చప్పుడు ఆగిపోతుంది. ఆ పరుపు నీళ్లను తాగేస్తుంది.

చేత్తో ఆ ఆకుల్ని కాస్త పక్కకు తొలగిస్తే పొరలు కనిపిస్తాయి. పైన నిరుటి పొడి ఆకులు. వాటి కింద ఈనెలు మాత్రమే మిగిలిన జల్లెడ లాంటి ఆకులు. ఇంకా కింద ఆకో మట్టో చెప్పలేని నల్లటి మెత్తటి పొర. అందులో తెల్ల దారాల్లాంటి బూజు, చెదలు, జెర్రులు, వానపాములు, చీమల బారులు. తడి మట్టి వాసన గుప్పుమంటుంది. మూడు నాలుగు వేళ్ల మందం ఉన్న ఈ పరుపు తయారు కావడానికి ఏళ్ల తరబడి ఆకు రాలాలి, ఎవరూ ఊడ్వకుండా ఉండాలి.

గ్రానైటు నేలలో ఈ పరుపు చేసే పని చాలా పెద్దది. ఈ రాయి స్పంజిలా నీటిని పీల్చుకోదు. పైన శిథిలమైన పలచటి పొరలో, కింద రాతి నెర్రెల్లో మాత్రమే భూగర్భజలం నిలుస్తుంది. వాన ఉరవడిని ఆపి, నీటిని కొంచెం కొంచెంగా ఆ నెర్రెల్లోకి దించేది ఈ ఆకుల మట్టే. చుట్టూ కాంక్రీటు కప్పిన కాలనీల నడుమ ఇంత పెద్ద ఇంకుడు గుంత మరొకటి లేదు.

ఇక ఈ పొర మీదే మిగతా జీవులన్నీ ఆధారపడ్డాయి. ఆకు తిని చెదలు బతుకుతాయి. చెదలు, చీమలు తిని అలుగు బతుకుతుంది. ఒంటినిండా పొలుసులతో, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోయే ఈ జంతువు నగరం నడిబొడ్డున ఉందంటే చాలామంది నమ్మరు. దానితో పాటు ముళ్లపంది, పునుగు పిల్లి, అడవి పిల్లి, కుందేలు, ఉడుము, పాములు ఉన్నాయి. నెమళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, పార్కుకు అవే గుర్తు. అడవి లెక్కల్లో ఆరు వందలకు పైగా మొక్క జాతులు, సుమారు 140 రకాల పక్షులు ఉన్నాయని చెబుతారు. మోదుగ, చండ్ర, రేగు, తంగేడు లాంటి మెట్ట నేల మొక్కలకు ఇది సొంత ఊరు. వేసవిలో మోడుబారినట్టు కనిపించి, తొలకరికి వారం తిరక్కుండా పచ్చబడే అడవి ఇది. ఎండాకాలం చూసి "ఇదేం అడవి, అన్నీ ఎండు పుల్లలే" అనుకోవడం పొరపాటు. ఆకు రాల్చి నీటిని దాచుకోవడం ఈ చెట్లు నేర్చుకున్న ఒడుపు.

అంచు లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అడవి మధ్యలో ఉన్న నేల, అడవి అంచున ఉన్న నేల ఒకటి కావు. అంచు మీద పక్కనుంచి ఎండ పడుతుంది. గాలి జోరుగా కొడుతుంది. తేమ త్వరగా ఆరిపోతుంది. ఆకుల పరుపు పలచబడుతుంది. నీడలో మొలిచే మొక్కలు చచ్చిపోయి, ఎండకు తట్టుకునే కలుపు పెరుగుతుంది. దీన్ని పర్యావరణ శాస్త్రజ్ఞులు అంచు ప్రభావం అంటారు. రైతుకు కొత్త మాటేమీ కాదు. గట్టు వారన పైరు, పొలం నడుమ పైరు ఒకేలా ఉండవని అతనికి తెలుసు.

అంచు ప్రభావం లోపలికి ఎంత దూరం పాకుతుందన్నది అడవిని బట్టి, బయట ఉన్నదాన్ని బట్టి మారుతుంది. పదుల మీటర్ల నుంచి వందల మీటర్ల దాకా ఉండవచ్చు. లెక్క కోసం వంద మీటర్లు అనుకుందాం. 390 ఎకరాల అడవి చక్కటి చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 1,250 మీటర్లు వస్తుంది. చుట్టూ వంద మీటర్ల పట్టీ తీసేస్తే లోపల మిగిలేది 1,050 మీటర్ల చతురస్రం. అంటే మొత్తంలో 70 శాతం. దాదాపు 115 ఎకరాలు అంచు కిందికే పోయాయి. ఒక్క చెట్టూ నరకలేదు, ఒక్క గజం కబ్జా కాలేదు, అయినా మూడో వంతుకు కాస్త తక్కువ అడవి గుణం మారింది.

అదే అడవిని నాలుగు సమాన ముక్కలు చేశామనుకోండి. ఒక్కో ముక్క వైపు 625 మీటర్లు. వంద మీటర్ల అంచు పోగా మిగిలే నడిమి భాగం 46 శాతమే. విస్తీర్ణం అంతే, అడవి మాత్రం సగానికి పడిపోయింది. కేబీఆర్ పార్కు నిజానికి చతురస్రం కాదు, వంకర టింకరగా ఉంటుంది. కాబట్టి అంచు మన లెక్క కంటే ఎక్కువే. లోపల తిరిగే నడక దారుల వెంట కూడా చిన్న చిన్న అంచులు ఏర్పడతాయి.

నల్లమల లాంటి పెద్ద అడవికి అంచున కొంత పోయినా నడుమ చాలా మిగులుతుంది. చిన్న అడవికి ఆ వెసులుబాటు లేదు. అందుకే చిన్న అడవిని కాపాడటమంటే ప్రధానంగా దాని అంచును కాపాడటమే. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవాల్సిన మాట ఏదైనా ఉంటే అది ఇదే.

గోడ దాటి వచ్చేవి

ప్రహరీ మనిషిని ఆపుతుంది. ఆపలేనివి చాలా ఉన్నాయి.

మొదటిది వెలుగు. రోడ్డు దీపాలు, హోర్డింగులు, బంగళాల ఫ్లడ్‌లైట్లు, వాహనాల హెడ్‌లైట్లు కలిసి అడవి అంచున రాత్రి లేకుండా చేస్తాయి. పునుగు పిల్లి, ముళ్లపంది, అలుగు, గుడ్లగూబ రాత్రి తిరిగే ప్రాణులు. వెలుగు పడే పట్టీని అవి తప్పించుకుని తిరుగుతాయి. అంటే వాటికి అడవి ఆ మేరకు కురచబడినట్టే. దీపాల చుట్టూ మూగి చచ్చే పురుగులు అడవిలోని పక్షులకు, గబ్బిలాలకు అందాల్సిన తిండి.

రెండోది చప్పుడు. పక్షికి కూత అంటే పిలుపు, హెచ్చరిక, సరిహద్దు అన్నీ. తెల్లవారుజామున పక్షులు గొంతు విప్పే వేళకే పార్కు చుట్టూ వాహనాల రొద మొదలవుతుంది. నగరాల్లో బతికే కొన్ని పక్షులు రొదను దాటి వినిపించడానికి కూత స్థాయి పెంచుతాయని పరిశోధకులు చాలా చోట్ల గమనించారు. అలా చేయలేనివి మెల్లగా ఆ చోటు వదిలిపోతాయి. నెమలి గొంతు పెద్దది కాబట్టి మనకు ఇంకా వినిపిస్తోంది. వినిపించకుండా పోయిన చిన్న గొంతుల సంగతి మనం గమనించం.

మూడోది వేడి. తారు, కాంక్రీటు పగలంతా పీల్చుకున్న ఎండను రాత్రి వదులుతాయి. చుట్టూ ఏసీ యంత్రాలు వేడి గాలి చిమ్ముతాయి. అడవి ఈ వేడిని చల్లార్చి చుట్టుపక్కల వీధులకు కాస్త హాయినిస్తుంది. ఆ హాయికి మూల్యం మాత్రం అంచు చెట్లు చెల్లిస్తాయి.

నాలుగోది కలుపు. అందంగా ఉందని తోటల్లో పెంచిన లాంటానా, గాలికి విత్తనం చల్లే వయ్యారిభామ, త్వరగా పెరుగుతుందని నాటిన సుబాబుల్ నగరాల్లోని అడవులన్నిటికీ బెడదగా మారాయి. ఎండ దొరికే అంచే వీటికి వాకిలి. అక్కడ పాతుకుని లోపలికి నడుస్తాయి. కింద మొలవాల్సిన చండ్ర, మోదుగ మొలకలకు చోటు లేకుండా చేస్తాయి. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు అడవి పచ్చగానే కనిపిస్తుంది. కానీ ఆ చెట్లకు వారసులు పుట్టడం ఆగిపోతుంది.

అయిదోది కుక్కలు. ఆడనెమలి నేల మీదే, పొద మాటున చిన్న గుంట చేసుకుని నాలుగైదు గుడ్లు పెడుతుంది. నాలుగు వారాలు పొదుగుతుంది. కంచె సందులోంచి దూరిన ఒక్క కుక్క ఆ నెల కష్టాన్ని నిమిషంలో ముగించగలదు. పార్కు చుట్టూ చెత్త పడేసిన ప్రతి చోటా కుక్కలు పెరుగుతాయి. చెత్తకుండీకీ నెమలి గూటికీ ఉన్న సంబంధం ఇది.

ఆరోది మన దయ. చీమలకు పంచదార, నెమళ్లకు గింజలు, కోతులకు అరటిపళ్లు వేసేవాళ్లు మంచి మనసుతోనే వేస్తారు. ఇంటి ముందు ముగ్గుపిండితో చీమకు తిండి పెట్టిన సంస్కారం మనది, కాదనను. కానీ అడవిలో పెట్టిన తిండి ప్రాణుల్ని అంచుకు, మనిషికి, వాహనానికి దగ్గర చేస్తుంది. వాటికి రోగాలు అంటుకునే దారి తెరుస్తుంది. వెతుక్కుని తినే అలవాటు పోగొడుతుంది. అడవి ప్రాణికి మనం చేయగల మేలు దాని తిండి జోలికి పోకుండా ఉండటమే.

వీటన్నిటి మీదా ఒంటరితనం ఒకటుంది. ఈ అడవికి మరో అడవితో దారి లేదు. నెమలి గోడ ఎగిరి దాటుతుంది, పక్షులు వచ్చిపోతాయి. అలుగు, పునుగు పిల్లి ఎటు పోవాలన్నా రోడ్డే. చుట్టూ నీళ్లున్న దీవిలో చిక్కుకున్నట్టు కొద్దిపాటి జంతువులు తమలో తామే తరతరాలు జతకట్టాల్సి వస్తుంది. మేనరికాల చిక్కు మనకు తెలిసిందే. ఒక రోగం, ఒక కరువు, ఒక అగ్ని ప్రమాదం వస్తే బయటి నుంచి వచ్చి ఆ ఖాళీ పూరించేవాళ్లు ఉండరు.

మూడు మీటర్ల రక్షణ

చట్టం ఏం చెబుతోంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానానికి అభయారణ్యం కంటే గట్టి రక్షణ ఉంది. లోపల పశువులు మేపకూడదు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే హద్దులు మార్చకూడదు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగినప్పుడు సుప్రీంకోర్టు ఆపే లోపే దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి. ఆ నేలకు అడవి అన్న ముద్ర లేదు. కేబీఆర్‌కు ఆ ముద్ర ఉంది కాబట్టి అలాంటి ఆపద రాదు.

కానీ ఈ చట్టం హద్దు గీత దగ్గర ఆగిపోతుంది. మనం చూసిన ఒత్తిళ్లన్నీ గీతకు అవతల పుట్టేవి. ఈ చిక్కును గుర్తించే పర్యావరణ సున్నిత మండలం అనే ఏర్పాటు తెచ్చారు. రక్షిత అడవి చుట్టూ కొంత దూరం వరకు ఏ పనులు నిషిద్ధం, ఏవి అనుమతితో చేయాలి, ఏవి ప్రోత్సహించాలి అని కేంద్రం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయిస్తుంది. ఇంటికి వాకిలి ఎలాగో అడవికి ఈ మండలం అలాగ. వీధి దుమ్ము, వీధి రొద నేరుగా నడింట్లోకి రాకుండా మధ్యలో ఆపే చోటు.

కేబీఆర్ పార్కుకు ఈ వాకిలి ఎంత? తొలి ముసాయిదాలో 25 నుంచి 35 మీటర్లు అన్నారు. 2020 అక్టోబర్‌లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అది 3 మీటర్ల నుంచి 29.8 మీటర్లకు తగ్గింది. మూడు మీటర్లంటే ఎంతో ఊహించుకోండి. మన రహదారుల్లో వాహనాలు వెళ్లే ఒక వరుసకు మామూలుగా 3.5 మీటర్ల వెడల్పు ఇస్తారు. కొన్నిచోట్ల ఒక్క వరుస వాహనాలకు కూడా చాలనంత స్థలాన్ని జాతీయ ఉద్యానానికి రక్షణ కవచంగా వదిలాం. ఇందాకటి లెక్కలో అంచు ప్రభావం వంద మీటర్లు లోపలికి వస్తుందనుకున్నాం. ఆ లెక్క పక్కన ఈ మూడు మీటర్లు పెట్టి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది.

2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో రక్షిత అడవులన్నిటి చుట్టూ కనీసం ఒక కిలోమీటరు ఉండాలంది. 2023 ఏప్రిల్‌లో ఆ తీర్పును సవరించి, అప్పటికే నోటిఫికేషన్ వచ్చినచోట ఆ కొలత వర్తించదంది. కేబీఆర్ చుట్టూ కిలోమీటరు అంటే వేల ఇళ్లు, ఆసుపత్రులు, రోడ్లు వస్తాయి. నిండుగా కట్టేసిన ఊళ్లో అది కుదరదని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ కిలోమీటరుకూ మూడు మీటర్లకూ మధ్య చాలా చోటుంది. పైగా సున్నిత మండలం అంటే ఇళ్లు ఖాళీ చేయించడం కాదు. అక్కడ చేసే పనులకు పద్ధతి పెట్టడం. నోటిఫికేషన్ వచ్చిన రెండేళ్లలో స్థానికులతో మాట్లాడి మండల ప్రణాళిక తయారుచేయాలని ఈ ఏర్పాటులోనే ఉంది. దీపాల తీరు, వాన నీటి కాల్వలు, రోడ్డు చెట్లు, చెత్త, శబ్దం వంటి వాటికి నియమాలు రాసుకోవాల్సిన చోటు ఆ ప్రణాళికే. కాలనీ సంఘాలు ముందుగా అడగాల్సింది దాని గురించే.

ఫ్లైఓవర్ల ప్రశ్న

పార్కు చుట్టూ ఉన్న రోడ్డు నగరంలోని రద్దీ దారుల్లో ఒకటి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, రోడ్ నంబర్ 45, ఫిల్మ్‌నగర్, మహారాజా అగ్రసేన్ కూడలి, క్యాన్సర్ ఆసుపత్రి కూడలి, పార్కు ప్రధాన ద్వారం. ఈ ఆరు చోట్లా సాయంత్రం వాహనాలు బారులు తీరుతాయి. ఆసుపత్రికి పోయే రోగి అందులో చిక్కుకుంటే ఆ బాధ బాధే. ట్రాఫిక్ సమస్యను చిన్నచూపు చూసి అడవి గురించి మాట్లాడటం న్యాయం కాదు.

దశాబ్దం కిందట ఇక్కడ ఫ్లైఓవర్లు కట్టాలని ప్రతిపాదన వచ్చింది. పెద్ద ఎత్తున చెట్లు పోతాయని తెలిసి జనం రోడ్డెక్కారు. 2016లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెట్ల నరికివేతను ఆపింది. 2024లో ఈ ఆరు కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసం ప్రభుత్వం 826 కోట్ల రూపాయల పనులకు అనుమతి ఇచ్చింది. మళ్లీ నిరసనలు, పిటిషన్లు మొదలయ్యాయి.

పార్కు హద్దు లోపల కట్టడం లేదు కదా, ఇబ్బందేమిటని కొందరు అడుగుతారు. అంచు సంగతి తెలిశాక జవాబు చెప్పుకోవడం తేలిక. ఇప్పుడు రోడ్డు నేల మట్టాన ఉంది. దాని చప్పుడును, హెడ్‌లైటు వెలుగును ప్రహరీ, రోడ్డు వారన చెట్లు కొంత ఆపుతున్నాయి. వాహనాన్ని ఎత్తున నడిపితే చప్పుడు, వెలుగు, పొగ గోడ పైనుంచి నేరుగా లోపలికి దిగుతాయి. అండర్‌పాస్ కోసం గ్రానైటును తొలిస్తే నెర్రెల్లో సాగే నీటి దారులు మారిపోవచ్చు, అంచు చెట్ల వేళ్లు తెగిపోవచ్చు. పని సాగినన్నాళ్లూ దుమ్ము ఆకుల మీద పేరుకుంటుంది. రోడ్డు వారన పెద్ద చెట్లు పోతే అడవికి ఉన్న చివరి గొడుగు ముడుచుకుపోతుంది. గీత జరగకుండానే అడవి వంద అడుగులు వెనక్కి జరుగుతుంది.

రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. దారి సులువైన కొద్దీ కొత్త వాహనాలు చేరతాయని ప్రపంచంలో చాలా నగరాలు అనుభవంతో తెలుసుకున్నాయి. మెట్రోకు, బస్సుకు, నడకకు ముందు చోటిచ్చి, కూడళ్ల సిగ్నళ్లను సరిచేసి, అప్పటికీ తీరని చోట ఏం కట్టాలో అడవి మీద పడే ప్రభావాన్ని కొలిచి తేల్చుకోవాలి. ఫ్లైఓవర్‌ను మరోచోట కట్టుకోవచ్చు. ఈ అడవిని మరోచోట కట్టలేం.

మొక్కలు నాటితే సరిపోదా?

చెట్టు కొట్టిన ప్రతిసారీ వినిపించే మాట ఇది. ఒక్కటి పోతే పది నాటుతాం అంటారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కూడా అనుమతితో కొట్టిన చెట్టుకు బదులు నాటమంటుంది. నాటడం మంచిదే. కానీ బదులు అన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది.

యాభై ఏళ్ల చెట్టు ఇచ్చే నీడ, పట్టే దుమ్ము, తొర్రలో పిట్ట పిల్లలకిచ్చే చోటు, వీటిని ఆ పది మొక్కలు ఇవ్వాలంటే మళ్లీ యాభై ఏళ్లు పడుతుంది. అవన్నీ బతికితేనే ఆ మాటైనా. పైగా నాటేది ఎక్కడో ఊరి చివర. కేబీఆర్ అంచున పోయిన గొడుగుకు శివారులో నాటిన మొక్క నీడ పట్టదు. వేళ్లతో సహా పెకిలించి మరోచోట పాతడం కొన్ని చెట్లకు పనికొస్తుంది. కానీ బండ నెర్రెలో వేరు దూర్చుకుని పెరిగిన చెట్టును ఆ బండతో సహా తీసుకుపోలేం.

ఇందాక మనం చేత్తో తొలగించి చూసిన ఆకుల పొరను గుర్తు చేసుకోండి. చెట్టును లెక్కపెట్టొచ్చు, రంగు వేసి అంకె రాయొచ్చు. ఆ పొరకు అంకె వేయలేం. అందులోని బూజు దారాలు, చెదలు, దాన్ని నమ్ముకున్న అలుగు ఏ పరిహారపు పట్టికలోనూ కనిపించవు.

మన చేతిలో ఉన్నది

అంచు దగ్గర మొదలైన చిక్కుకు మందు కూడా అంచు దగ్గరే దొరుకుతుంది. ఈ పనుల్లో చాలా వాటికి కోట్లు అక్కర్లేదు.

ప్రహరీ వెంట లోపలి వైపు రేగు, తంగేడు వంటి దేశవాళీ పొదలతో దట్టమైన వరుస పెంచితే అది వెలుగును, రొదను, గాలిని కొంత అడ్డుకుంటుంది. లాంటానాను ఒక్క వేసవిలో పెకిలించి చేతులు దులుపుకుంటే మళ్లీ వస్తుంది. ఏటా తొలకరికి ముందూ తర్వాతా తీస్తూ, ఖాళీ అయిన చోట వెంటనే దేశవాళీ మొక్క పెట్టాలి. చుట్టూ ఉన్న వీధి దీపాలకు పైకీ పక్కలకూ వెలుగు చిమ్మకుండా మూతలు బిగించవచ్చు. రాత్రిపూట వాహనాల వేగానికి హద్దు పెట్టవచ్చు, హారన్ నిషేధాన్ని గట్టిగా అమలు చేయవచ్చు. పార్కు చుట్టూ చెత్త నిలవ లేకుండా చూస్తే కుక్కల బెడద దానంతట అదే తగ్గుతుంది.

నడకకు వెళ్లేవాళ్లు ఈ అడవికి రోజూ వచ్చే చుట్టాలు. చుట్టరికం నిలబడాలంటే దారి దిగకూడదు, ఫోన్లో పాటలు బయటికి పెట్టకూడదు, గింజలు తేకూడదు. రాలిన ఆకుల్ని ఊడ్చి శుభ్రం చేయమని అధికారులను అడగకూడదు. అడవికి చెత్త అనిపించేది ఆకు కాదు, మనం పడేసిన ప్లాస్టిక్ సీసా. పొద్దున నడుస్తూ కనిపించిన పక్షుల్ని రాసిపెట్టుకునే అలవాటు చేసుకుంటే ఇంకా మేలు. పదేళ్ల తర్వాత ఏ గొంతు వినిపించడం మానేసిందో చెప్పగల సాక్ష్యం ఆ పుస్తకమే అవుతుంది.

చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పెరట్లో లాన్ బదులు వేప, కానుగ, మోదుగ వేసుకుంటే పక్షులకు, సీతాకోకచిలుకలకు గుట్ట నుంచి గుట్టకు మెట్లు ఏర్పడతాయి. ఇంటి మీద పడ్డ వాన నీటిని రోడ్డు మీదికి తోయకుండా ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే అడవి కింది నెర్రెలకు తోడు దొరుకుతుంది.

ఈ మాటలు కేబీఆర్ ఒక్కదానికే కాదు. విశాఖలో కంబాలకొండకు, మన ఊళ్ల పక్కన మిగిలిన ప్రతి చిట్టడవికీ వర్తిస్తాయి. ఊరు పెరిగిన కొద్దీ అడవి దీవి అవుతుంది. అది బతికేదీ లేనిదీ గోడ అవతల నివసించే మన మీద ఆధారపడుతుంది.

చెరువు నడుమ నీళ్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. రేపు పొద్దున కూడా నెమలి కూస్తుంది, వాన పడితే బండ మీది నీళ్లు ఆకుల కిందికి ఇంకుతాయి. అది చూసి "అడవికేం, ఉందిగా" అనుకోకుండా ఒకసారి గోడ వారన నడుస్తూ అంచును చూడండి. అక్కడ పొద పచ్చగా ఉందా, దీపం లోపలికి కొడుతోందా, చెత్త పేరుకుందా అని గమనించండి. అడవి ఆరోగ్యం ముందుగా తెలిసేది అక్కడే, దాన్ని నిలబెట్టడం మొదలుపెట్టాల్సిందీ అక్కడే.